ఆగితే దిగే ధర

పొద్దున్న ఏడున్నరకు ఆయన టీ తాగుతూ, టేబుల్ మీది, తలుపుకు బిగించే ఇత్తడి మడత బందు ఎత్తి, దాని కింద ఉన్న కాగితాన్ని చూసుకుని మళ్ళీ బందు పెట్టేశాడు. తలుపుల సామాను అమ్మే కొట్టులో ముప్ఫై ఏళ్ళుగా ఆయన పద్ధతి అదే. కంపెనీ ఏజెంటు ధర రాసిచ్చిన కాగితం వారం రోజులు బందు కింద ఉంటుంది. ఎనిమిదో రోజు ఏజెంటే ఫోన్ చేసి ధర దించుతాడు. గడియలు, గొళ్ళాలు, తాళాలు అన్నీ అలా కొన్నవే. ఆగగలిగినవాడిదే లాభమన్నది ఆయనకు అనుభవం మీద తేలిన లెక్క.

ఇప్పుడు బందు కింద ఉన్నది కూతురి సీటు కాగితం. విదేశంలో ఒక యూనివర్సిటీ అంతర్జాతీయ సంబంధాల చదువుకు సీటిచ్చి, సగం ఫీజు మాఫీ చేసింది. ఆ మాఫీ ఈ ఏడు డిగ్రీ పూర్తిచేసినవాళ్ళకే. చిన్నప్పటి నుంచి ఇంట్లో అలకలు తీర్చే పిల్ల కాబట్టి కూతుర్ని ఆయన రాయబారి అనే పిలుస్తాడు.

ఆమె ఫోన్ పట్టుకుని గదిలోంచి వచ్చింది.

"నాన్నా, అడ్వాన్సు కట్టి ఒప్పుకున్నట్టు నొక్కావా? వాళ్ళ దగ్గర్నుంచి ఇంకా రసీదు రాలేదు."

"నొక్కుతాలేవే. కంగారెందుకు? కొనేవాడు కంగారుపడితే అమ్మేవాడు నెత్తికెక్కుతాడు."

ఆమె ఫోన్‌లో తేదీ చూసింది. "నిన్నటితో గడువు అయిపోయింది! సోమవారం అడిగితే అయిపోయినట్టే అనుకోమన్నావు కదా?"

"గడువులని అందరూ అంటారు. బేరం నడుస్తోంది, ఉండు."

ఆమె అక్కడే నిలబడి, ఫీజు కట్టడానికని తండ్రి ఫోన్‌లోనూ పెట్టిన తన మెయిల్ తెరిచింది. ఆరు రోజుల కిందట తన పేరుతో వెళ్ళిన ఉత్తరం ఒకటి కనిపించింది. 'సగం మాఫీ చాలదు. ఇంకో యూనివర్సిటీ ఇంతకంటే ఎక్కువ ఇస్తోంది. ముప్పాతిక తగ్గిస్తే వస్తాను.' దాని కింద తెల్లవారుజామున వచ్చిన జవాబు. గడువు ముగిసింది, సీటు జాబితాలో తర్వాతివారికి ఇచ్చాం, మీకు మా శుభాకాంక్షలు.

ఆమె పైకి చదివింది. ఆసుపత్రి డ్యూటీకి బయల్దేరుతున్న తల్లి, చెప్పులు వేసుకోబోతూ ఆగిపోయింది.

"ఫోన్ చెయ్యి," అన్నాడాయన. "ముప్పాతిక వద్దు, సగమూ వద్దు. పూర్తి ఫీజు కడతామని చెప్పు."

ఆమె చేసింది. రెండు నిమిషాలు వింది. "సీటే లేదట," అంది.

జీవితంలో మొదటిసారి ఆయన తనంతట తాను ధర పెంచాడు. అవతల సరుకు లేదు.

"ఆ రెండో యూనివర్సిటీ ఉందిగా?"

"దాన్ని నెల కిందటే వద్దనేశాను."

"వద్దన్నావా! సరుకు చేతికి రాకుండా రెండో కొట్టు వదులుకుంటారటే ఎవరైనా?"

"నా వెనక ఎవరో వరసలో ఉంటారు కదా నాన్నా. వాళ్ళకి దొరుకుతుందని." ఆమె ఫోన్ టేబుల్ మీద పెట్టింది. "ఎనిమిది యూనివర్సిటీల పాఠాల జాబితాలన్నీ చదివి దీన్ని ఎంచుకున్నాను. రెండు దేశాల మధ్య పారే నది నీళ్ళు ఎలా పంచుకోవాలో చెప్పే పాఠం వీళ్ళ దగ్గరే ఉంది. ఇదేమన్నా తాళంకప్పా, నువ్వు ఆగితే ధర దిగడానికి?"

"నీ మంచికే కదే చేసింది..."

"నాతోనూ ఇంతే," అంది తల్లి. "నేను అలిగితే ఎనిమిదో రోజు దాకా పలకరు. నేనే వచ్చి మాట్లాడేదాన్ని. గెలిచాననుకునేవారు మీరు. మన పిల్ల మధ్యలో తిరిగి తిరిగి నన్ను ఒప్పిస్తే వచ్చేదాన్నండీ."

ఆయనకు ఆ సంగతి ఇవాళే తెలిసింది. తను ఆగినందుకు వచ్చిందనుకున్న లాభంలో ఎంత భాగం ఈ పిల్ల నడిచిన నడకో, ఇన్నేళ్ళూ లెక్కలోకి తీసుకోలేదు.

కొట్టు తెరిచే వేళ దాటిపోయింది. తాళంచెవుల గుత్తి టేబుల్ మీదే ఉంది.

"ఒక ఉత్తరం రాయమ్మా. నే చెప్తా."

"ఉపయోగం లేదు నాన్నా. ఇక్కడితో అయిపోయింది. వచ్చే ఏడు ఆ మాఫీ నాకు రాదు. అది లేకుండా మనం కట్టలేం. ఇందాక కడతానన్నావే, కొట్టు అమ్మినా చాలదు."

"తెలుసు. అయినా రాయి." ఆయన బందు తీసి పక్కన పెట్టాడు. "ఆ ముందటి ఉత్తరం రాసింది నేను. మా అమ్మాయి కాదు. తను మీ సీటు వచ్చిన రోజే ఒప్పుకుంది. బేరం కోసం ఆగింది నేను. తప్పు నాది. రాశావా?"

"రాశాను. చివర ఏమడగమంటావు?"

"ఏమీ అడగొద్దు."

కూతురు తలెత్తి చూసింది. అడగకుండా ఆయన ముగించిన మాట ఆమె ఎప్పుడూ వినలేదు. ఏమీ మిగలని ఆ పొద్దున్న, తండ్రి భుజం మీద తల వాల్చి ఆమె ఏడ్చింది. ఆయన కదల్లేదు. ఈసారి ఆగడంలో లాభమేమీ లేదు.