ఐసు గదిలో ఆట

వానాకాలంలో ఐసు ఎవరు కొంటారు? తిరుపతిలో రేణిగుంట రోడ్డు మీదున్న ఆ చిన్న ఐసు ఫ్యాక్టరీలో కార్తీకమాసం వచ్చిందంటే ఈగలు తోలుకోవడమే పని. సోడాల వాళ్ళు రారు, చేపల వాళ్ళు రారు. వచ్చేది చావు జరిగిన ఇంటివాళ్ళు మాత్రమే. దూరపు బంధువులు వచ్చేదాకా శవాన్ని ఐసు మీద ఉంచాలి కదా. ఎవరు పోయారని వాళ్ళను అడగకూడదు. "పెద్దోళ్ళా, సిన్నోళ్ళా?" అని ఒక్క మాట అడిగి, తగినన్ని దిమ్మెలు ఇచ్చి పంపాలి. ఫ్యాక్టరీ చూసుకునే ఏకాంబరం ఆ మాట నిద్రలో కూడా అడుగుతాడని భార్య చంద్రకాంతమ్మ ఎగతాళి చేసేది.

ఆమె ఇప్పుడు వడమాలపేటలో, పుట్టింట్లో ఉంది. తొలి కాన్పు, నెలలు నిండాయి. తుఫాను పట్టి బస్సులు ఆగిపోవడంతో కబురు లేదు. ఏకాంబరానికి అన్నం సహించడం లేదు. కొడుకే పుడతాడని అతని నమ్మకం, పేరు కూడా అనుకున్నాడు. బిడ్డ పుట్టకముందు పేరు పైకి అనకూడదని అత్త సుబ్బులమ్మ కట్టడి చేసింది. ఉయ్యాల కూడా కొననివ్వలేదు. అందుకే ఆ పేరు భార్యకు సైతం చెప్పకుండా కడుపులో దాచుకున్నాడు.

అతని దిగులు చూడలేక స్నేహితుడు ఇద్రీస్ ఆ సాయంత్రం తన పెట్టె పట్టుకొచ్చాడు. కువైట్‌లో ఉన్న అన్న పంపిన ఇంగ్లీషు ఆట అది. ఒకడు కథ చెబుతాడు, రెండోవాడు అందులో వీరుడై తను ఏం చేస్తాడో చెబుతాడు. గెలుపోటములు ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. కథంతా ఉత్తరాన ఏదో మంచు దేశంలో జరుగుతుంది. పొడుగాటి పడవలు, గొడ్డళ్ళు, మట్టిదిబ్బల కింది సమాధుల్లో కళ్ళు తెరుచుకుని కూర్చునే చచ్చిన దొరలు. ఇద్దరిలో మంచు చూసినవాడు ఒక్కడూ లేడు. అందుకని ఐసు నిలవుంచే గదిలో దుప్పట్లు కప్పుకుని ఆడేవాళ్ళు. పిచ్చి ముదిరితే ఇంతే మరి.

దీపాలు పెట్టే వేళకు కరెంటు పోయింది. మిషను ఆగింది. కొవ్వొత్తి వెలుగులో దిమ్మెల వరసలు కొంత దూరం కనిపించి, ఆపైన చీకట్లో కలిసిపోయాయి. అమోనియా ఘాటు, దిమ్మెల చుట్టూ పోసిన తడి ఊక వాసన. ఎక్కడో ఒక్కో చుక్కే నీళ్ళు పడుతున్నాయి.

"దిబ్బ లోపలికి దిగినావు," ఇద్రీస్ గొంతు తగ్గించాడు. "దొర లేచి నిలబడినాడు. ఎనక తలుపు మూసుకునింది. ఏం జేస్తావు?"

"పోట్లాడతా."

పాచిక దొర్లింది. ఒకటి పడింది.

"ఓడిపోయినావప్పా. పానంతో బయటికి పోవల్లంటే నీ కొడుకును ఈడ బందీగా పెట్టి పోవల్ల. ఆ దేశంలో అదే పద్ధతి."

ఏకాంబరం నవ్వాడు. ఆటలో వీరుడికి కొడుకెక్కడివాడు? "సరే, పెట్టుకోమను."

"పేరు?"

ఆ ప్రశ్న చాలా మెల్లగా వచ్చింది. "దామోదరం," అన్నాడు ఏకాంబరం. కడుపులో దాచుకున్న పేరు నోరు జారింది.

ఇద్రీస్ తలెత్తి చూశాడు. "దామోదరం ఎవురు?"

"నువ్వే గదా పేరడిగితివి."

"నేనడగలేదబ్బా."

చుక్కల చప్పుడు ఆగిపోయింది... దిమ్మెల వెనక, మనిషి పట్టని సందులో, ఊక జరిగింది... మెల్లగా... ఎవరో బరువైనవాడు లేచి నిలబడినట్టు.

ఎలా బయటపడ్డారో వాళ్ళకే తెలియదు. తలుపుకు గొళ్ళెం పెట్టి, లాంతరు వెలిగించుకుని వరండాలో కూర్చున్నారు. వాన తగ్గలేదు. ఎలుకలు, అన్నాడు ఇద్రీస్. అంతే, ఎలుకలు, అన్నాడు ఏకాంబరం.

చాలాసేపటికి గోనెసంచి కప్పుకున్న మనిషి ఒకడు లాంతరు వెలుగులోకి వచ్చాడు. "ఐసు కావల్ల."

"పెద్దోళ్ళా, సిన్నోళ్ళా?" అలవాటు కొద్దీ అడిగేశాడు ఏకాంబరం.

"సిన్నోళ్ళే, బావా."

చంద్రకాంతమ్మ తమ్ముడు పెంచలయ్య.

"అక్క బాగుండాది బావా. మగబిడ్డ. పుట్టంగానే ఇల్లంతా ఇనపడేటట్టు ఏడ్చినాడు. అంతలో కరెంటు పాయె. వాకిట్లో ఎవురో నిలబడుకోని దామోదరం అని పిలిచినారు. అంతే... గొంతు ఆగిపోయింది. నువ్వు మొగం సూసేదాకా ఉంచల్లని లారీ పట్టుకోని వస్తి." పెంచలయ్య ముఖం తుడుచుకున్నాడు. "దామోదరం ఎవురు బావా? అక్క అదే అడగతా ఉండాది."

ఏకాంబరం లాంతరు తీసుకుని, ఐసు కోసం ఆ గది గొళ్ళెం తీశాడు.

లోపల పసిబిడ్డ ఏడుస్తోంది.

"అదే గొంతు..." పెంచలయ్య గొణిగాడు.

ఏకాంబరం కొక్కెంతో మొదటి దిమ్మె లాగేశాడు. ఏడుపు రెండో దిమ్మె వెనక నుంచి వచ్చింది. అదీ లాగాడు. మూడోదాని వెనక... కొక్కెం పారేసి చేతులతోనే లాగాడు. ఇద్రీస్ పట్టుకోబోతే విదిలించాడు. వేళ్ళు చిట్లి ఐసు ఎర్రబడింది. లాగినకొద్దీ ఏడుపు సన్నబడింది. ఆఖరి దిమ్మె తీసేసరికి ఆగిపోయింది.

వెనక ఉత్త గోడ. కింద ఊక. ఏకాంబరం మోకాళ్ళ మీద కూలబడి ఊక మీద చెయ్యి పెట్టాడు. అంతా గడ్డకట్టి ఉంది. ఒక్కచోట మాత్రం, పసిబిడ్డ పట్టేంత మేర, వెచ్చగా ఉంది.