అర అంగుళం వదులు

బస్సు దిగి ఆసుపత్రి గేటు దాటాక గానీ, మెడలో కొలతల టేపు అలాగే ఉండిపోయిందని టైలరు తాతయ్యకు తెలియలేదు. వీధిలో పిల్లలు పెట్టిన ఆ పేరు ఊరికే రాలేదు మరి. నలభై ఏళ్ళుగా కుట్టుమిషను తొక్కుతున్న ఆ మనిషి ఇంట్లో భోజనానికి కూర్చున్నా మెడలో టేపు ఉండాల్సిందే. దాన్ని తీసి జేబులో కుక్కుకుని, ఫ్లాస్కు పట్టుకుని నెమ్మదిగా మెట్లెక్కాడు.

పైన పిల్లల వార్డులో నాలుగు నెలల మనవరాలు ఉంది. చీలిన పై పెదవితో పుట్టింది. మూడు రోజుల కిందట డాక్టర్లు ఆ చీలికను కలిపి కుట్టారు. కుట్లు మానేదాకా చెయ్యి నోటి దగ్గరికి పోకూడదు కాబట్టి, మోచేతులు వంగకుండా రెండు చేతులకూ గట్టి గుడ్డ తొడుగులు వేశారు. వాటికి నిలువునా సన్నటి అరలు, ఒక్కో అరలో ఒక్కో చెక్కపుల్ల. ఆ తొడుగులు కుట్టిపెట్టింది తాతయ్యే. ఆయన చేసింది అంతవరకే. రోజూ వస్తాడు, గుమ్మం దగ్గరే కోడలి చేతికి ఫ్లాస్కు ఇస్తాడు, పాపను అల్లంత దూరం నుంచి చూసి వెళ్ళిపోతాడు. లోపలికి రమ్మంటే కొట్టు తెరవాలంటాడు. ఎత్తుకోమంటే ఆ మాట వినబడనట్టే ఉంటాడు.

మెట్ల మలుపు దగ్గర ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. ముప్ఫై రెండేళ్ళ కిందట ఇవే మెట్లు. అప్పుడు గోడలకు ఆకుపచ్చ రంగు ఉండేది. ఇలాంటి పెదవితోనే పుట్టిన తన కూతురిని గుండెకు హత్తుకుని ఎక్కాడు. భార్య టైఫాయిడ్‌తో మంచం పట్టడంతో బిడ్డ దగ్గర తానే ఉండాల్సి వచ్చింది. వార్డు నిండా తల్లులే, మగవాడు తానొక్కడే. మొదటిరోజు వాళ్ళంతా కొంగులు అడ్డుపెట్టుకుని నవ్వుకున్నారు. రెండోరోజుకల్లా ఊడిన గుండీలు, చిరిగిన దిండ్లు పట్టుకుని ఒక్కొక్కరే ఆయన దగ్గరికి చేరారు. ఆయన కాలరులో సూది ఎప్పుడూ ఉండేది. పక్క మంచం ఆవిడ చెంచాతో పాలు ఎలా పట్టాలో నేర్పింది. ఎంత బాగుండేవి ఆ రోజులు, నాలుగోరోజు రాకుండా ఉంటే.

వార్డులో అడుగుపెట్టేసరికి కూతురు కూడా ఉంది. బళ్ళో చిన్నపిల్లలకు పాఠాలు చెబుతుంది కనుక ఇంట్లో ఆమెను అందరూ పంతులమ్మ అంటారు. బడికి సెలవు కావడంతో పొద్దున్నే వచ్చింది. ఆమె పై పెదవి మీద వంకరగా ఒక గీత ఉంటుంది. నవ్వినప్పుడు అది ముడుచుకుంటుంది, అందుకే చెయ్యి అడ్డుపెట్టుకుని నవ్వుతుంది.

"వచ్చావా నాన్నా. ఇవాళ తప్పించుకోలేవు. మరదల్ని చూడు, మూడు రోజులుగా కునుకు లేదు. నేను దాన్ని ఇంటికి తీసుకెళ్ళి, స్నానం చేయించి, రెండు ముద్దలు తినిపించి తీసుకొస్తా. రెండు గంటలు నువ్వు కూర్చో" అంది.

"నా వల్ల కాదమ్మా. ఒకరికి చొక్కా ఇస్తానన్నాను."

"చొక్కా లేకపోతే ఆయన బయటికి రాడా ఏమిటి?"

కోడలు ఆ మాటలేవీ పట్టించుకోవడం లేదు. పాప గుక్కపట్టి ఏడుస్తోంది. తొడుగు అంచు దగ్గర లేత చర్మం ఎర్రగా కందింది.

"మామయ్యా, ఇటు రండి. దీని చెయ్యి చూడండి ఎలా ఉందో. తొడుగు బిగువైంది. కత్తెర మీ దగ్గరే ఉంటుందిగా, ఓ అర అంగుళం వదులు చెయ్యండి."

ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. "వద్దు" అన్నాడు.

"అర అంగుళమే మామయ్యా."

"వద్దని చెప్పానుగా. దాన్ని ముట్టుకోవద్దు."

ఆయన గొంతు పెద్దదవడం కోడలు ఎప్పుడూ వినలేదు. మూడు రోజుల అలసట, భయం ఒక్కసారిగా పైకొచ్చాయి.

"వీధిలో ఎవరు అడిగినా కాదనరు. ఎదురింటివాళ్ళ కుక్కకు కూడా కోటు కుట్టారు. సొంత మనవరాలికి మాత్రం చేతులు రావు. పుట్టిన రోజు నుంచి చూస్తున్నాను. ఒక్కసారి ఎత్తుకున్నారా? దీని పెదవి చూస్తే మీకు అసహ్యమని చెప్పెయ్యండి, ఇక అడగను."

పక్క మంచాల వాళ్ళు ఇటు తిరిగి చూశారు. పాప ఏడుపు ఆగలేదు.

"వదినా, నువ్వైనా చెప్పు" అని కోడలు పంతులమ్మ వైపు తిరిగింది.

పంతులమ్మ తల వంచుకుంది. "నేనేం చెప్పను? నాతో మాట్లాడినా నాన్న నా ముఖం చూడరు. కాలరు చూస్తారు, గుండీలు చూస్తారు. చిన్నప్పటి నుంచీ అంతే. అలవాటైపోయింది" అంది మెల్లగా.

ఆ మాట ఆయనకు సూటిగా తగిలింది. మంచం పట్టె పట్టుకుని స్టూలు మీద కూలబడ్డాడు.

"అసహ్యమా? కాదమ్మా" అన్నాడు. "నీ పెదవి మీద ఆ గీత ఉంది చూశావూ, అది దేవుడు పెట్టింది కాదు. డాక్టర్లు చక్కగా కుట్టారు. పాడుచేసింది నేను."

పంతులమ్మ తలెత్తింది.

"నాలుగోరోజు నువ్వు ఇలాగే ఏడ్చావు. తొడుగు బిగువని నాకు అనిపించింది. టైలరు బుద్ధి కదా, పసిపిల్ల ఒంటి మీద బిగువు గుడ్డ చూడలేను. ఎవరికి ఏం కుట్టినా కాస్త వదులు ఉంచడమే అలవాటు. నర్సును అడగలేదు. తొడుగు కుట్టు విప్పి అర అంగుళం వదులు చేశాను. నువ్వు హాయిగా నిద్రపోయావు. నేనూ పక్కనే తల వాల్చాను. కళ్ళు తెరిచేసరికి చెయ్యి బయటికి వచ్చేసింది. నీ వేలు నోట్లో ఉంది. కుట్లు రెండు తెగాయి." ఆయన తన చేతులకేసి చూసుకున్నాడు. "మళ్ళీ కుట్టారు, గీత మిగిలిపోయింది. మీ అమ్మ ఎవరికీ చెప్పొద్దంది. ఆవిడ పోయాక చెప్పుకోవడానికి నాకు ఎవరూ లేరు. నీ ముఖం చూస్తే నా చేతులే కనబడతాయి. దీన్ని ఎలా ఎత్తుకోను?"

కోడలు పెదవి కొరుక్కుంది. ఇందాక అన్న మాటలు వెనక్కి తీసుకునే దారి ఉంటే బాగుండుననిపించింది.

"నేను బాగోనని చూడవనుకున్నాను నాన్నా" అంది పంతులమ్మ. ఆమె కళ్ళ నుంచి నీళ్ళు జలజలా రాలాయి. "అద్దం ముందు నిలబడినప్పుడల్లా అదే అనుకునేదాన్ని. ఏడుస్తుంటే చూడలేక చేశావని ఒక్క మాట చెప్పి ఉంటే ఎంత బాగుండేది."

గొడవ విని నర్సు వచ్చింది. తొడుగు కింద వేలు దూర్చి చూసింది. "వేలు పడుతోంది. కొలత సరిగ్గానే ఉంది, వదులు చేయకూడదు. లోపలి కుట్టు అంచు ఒరుసుకుంటోంది, అంతే" అని చెప్పింది.

ఆ మాటతో ఆయనలోని టైలరు లేచి కూర్చున్నాడు. "తిరగేసి తొడిగితే కుట్టు బయటికి పోతుంది. అరలకు కూడా ఏమీ కాదు" అన్నాడు.

"అయితే చేయండి. విప్పినంతసేపూ పాప చెయ్యి ఒకరు గట్టిగా పట్టుకోవాలి" అంది నర్సు.

"నాన్న పట్టుకుంటారు" అంది పంతులమ్మ.

ఆయన వద్దనేలోపే కోడలు పాపను తెచ్చి ఒళ్ళో పడుకోబెట్టింది. "పట్టుకోండి మామయ్యా. మీకంటే జాగ్రత్తగా ఇంకెవరూ పట్టుకోరు" అంది. ఆ గొంతులో ఇందాకటి వేడి లేదు.

ఒక్కో తొడుగూ విప్పి, తిరగేసి, పంతులమ్మ మళ్ళీ తొడిగింది. అంతసేపూ చిన్న గుప్పిటను ఆయన వదల్లేదు. పాప ఆయన బొటనవేలు పట్టుకుంది. ముప్ఫై రెండేళ్ళ కిందట కూతురి పట్టు కూడా ఇలాగే ఉండేదనిపించింది ఆయనకు.

కోడలు ఇంటికి వెళ్ళలేదు. కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నదల్లా అలాగే నిద్రలోకి జారుకుంది. మళ్ళీ ఏడుపు మొదలైంది. ఆయన చెయ్యి అలవాటుగా తొడుగు దాకా వెళ్ళి ఆగిపోయింది. విప్పలేదు. ఏం చేయాలో తోచక, కాళ్ళు నేల మీద ఆనించి ఒక పాదం ముందుకు, ఒక పాదం వెనక్కి తొక్కడం మొదలుపెట్టాడు. చెప్పులు నేలకు తగిలి టకటక టకటక మంటున్నాయి. ఒడి ఊగుతోంది. అచ్చం మిషను తొక్కినట్టే. నాలుగు బారల గుడ్డ కుట్టినంతసేపు తొక్కాడు. ఏడుపు వెక్కిళ్ళయింది. వెక్కిళ్ళు తగ్గాయి.

మంచం దుప్పటి సర్దుతున్న పంతులమ్మ చెయ్యి ఆగింది. కొట్టులో కత్తిరింపు ముక్కల కుప్ప మీద మధ్యాహ్నాలు పడుకోవడం, పైన మిషను చప్పుడు, మొహం మీద ఎగిరి పడే దారప్పోగులు, బళ్ళోంచి వచ్చి అలాగే నిద్రపోయిన ఎన్నో రోజులు ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఆ చప్పుడు ఆగితే మెలకువ వచ్చేది. ఆగకుండా ఆయన ఎంతసేపు తొక్కేవాడో.

"నాన్నా, నేను నిద్రపోయేదాకా గుడ్డ లేకపోయినా తొక్కేవాడివి కదూ?" అంది.

"నీకెలా తెలుసు?"

"సూది కింద ఏమీ ఉండేది కాదు. ఓరకంట చూసేదాన్ని."

దొంగ దొరికిపోయినట్టు ఆయన నవ్వాడు. పంతులమ్మ కూడా నవ్వింది. దుప్పటి పట్టుకున్న చేతులు అలాగే ఉన్నాయి, అడ్డుపెట్టుకోవడం మరిచిపోయింది. ఆయన చూపు ఆమె కాలరు దగ్గర ఆగలేదు. పైకి వెళ్ళింది. గీత మీద ఆగింది, దాన్ని దాటి ముఖమంతా చూసింది.

"నవ్వితే అచ్చం మీ అమ్మలాగే ఉంటావే. నాకు ఇప్పటిదాకా తెలియదు" అన్నాడు.

ఒళ్ళో పాప నిద్రపోయింది. అయినా ఆయన తొక్కుతూనే ఉన్నాడు.