పెట్టె అడుగున జామ్ సీసాలు

"బాపూ, లేచినవా? ఇటు రా, జర ఈ పండ్లు మెదుపు. నాకు డ్యూటీకి టైమ్ అయితున్నది."

వంటింట్లోంచి కూతురు పిలవగానే లస్మయ్య అప్పుడే లేచినవాడిలా పెద్దగా ఆవులించాడు. నిజానికి ఆయన లేచి చాలాసేపయింది. ఖతార్‌లో కన్‌స్ట్రక్షన్ పని చేసినన్నాళ్లూ తెల్లారకముందే కంపెనీ బస్సెక్కిన మనిషి. ఉద్యోగం ఊడింది గానీ ఆ మెలకువ ఆయన్ని వదల్లేదు. చప్పుడు చేస్తే బిడ్డ నిద్ర చెడుతుందని, అదే ఖతార్‌లో, అల్ హిలాల్‌లోని కూతురి చిన్న ఫ్లాట్‌లో చీకట్లో సోఫా మీద దొంగలా కూర్చోవడమే ఇప్పుడాయన డ్యూటీ.

విజయరాణి అప్పటికే నర్సు యూనిఫాంలో ఉంది. స్టవ్ మీద గిన్నెలో స్ట్రాబెర్రీలు మెత్తబడి బుడగలు తేలుతున్నాయి. తండ్రి చేతికి పప్పుగుత్తి ఇచ్చి, తను టిఫిన్ డబ్బా సర్దుకోవడంలో పడింది.

"చక్కెర ఎయ్యవా?" అన్నాడు లస్మయ్య మెదుపుతూ.

"నీ షుగర్ ఎంతున్నదో యాదికున్నదా? రెండు ఖర్జూరాలేసిన. ఆ తీపి చాలు."

"పాకం లేకుంటె గట్టిపడేదెట్ల?"

"ఇగో, వీటితోటి." చెంచాడు నల్లటి గింజలు తెచ్చి గిన్నెలో చల్లి స్టవ్ కట్టేసింది.

"సబ్జా గింజలా? ఎండకాలం మీ అమ్మ నిమ్మకాయ నీళ్లల్ల..." అంటూ మధ్యలోనే ఆగిపోయాడు.

"సబ్జా కాదు బాపూ, చియా. అట్లనే ఉంటయి గని వేరే. రసమంత ఇవే గుంజుకుంటయి. చూస్తుండు, నేను జడ ఏసుకునేలోపు చిక్కబడ్తది."

పిల్ల చెప్పినట్టే అయింది. పలచగా ఉన్న రసం కాసేపటికి గరిటె నుంచి జారనంత చిక్కనయింది. లస్మయ్యకు ముచ్చటేసింది. విజయరాణి నిమ్మకాయ పిండి, రెండు సీసాల్లో నింపి, మూతలు పక్కన పెట్టింది.

"చల్లారినంక ఫ్రిజ్‌ల పెట్టు. వారంలోపు తినెయ్యాలె. పోయిన వారంవి అయిపోయినయా?"

"ఎప్పుడో అయిపోయినయి. ఒకటి కింద వాచ్‌మన్ ఇస్హాక్‌కిచ్చిన. ఒంటరోడు పాపం," అన్నాడు గిన్నెలోకి చూస్తూ.

ఆ మాటకు విజయరాణి మొహం చిన్నపిల్ల మొహంలా విప్పారింది. "నచ్చిందన్నట్టే ఇగ! నీ కోసమే గదా చేస్తున్న." అబద్ధం చెప్పి కూతుర్ని అంత సంతోషపెట్టడం ఆయన మనసుకు మంచిగా అనిపించలేదు.

చెప్పులు వేసుకుంటూ ఆమె అసలు మాట తీసింది. "బాపూ, పాస్‌పోర్ట్ తీసి పెట్టమన్న. ఈ నెలతోటి నీ వీసా అయిపోతది. నువ్వు ఊఁ అంటె మిగతాది తిరుమల్, నేను చూసుకుంటం. ఇక్కడ్నే ఉండు."

"చూద్దాం తీ."

"ఎన్నిసార్లు చూస్తవ్? సాయంత్రం నేనొచ్చేసరికి చెప్పాలె. ఉంటవా, పోతవా?"

తలుపు మూసుకుంది. లిఫ్ట్ కిందికి దిగిన చప్పుడు కూడా ఆగిపోయాక ఇల్లంతా ఒక్కసారిగా మూగదైపోయింది. అల్లుడు తిరుమల్‌కు దుఖాన్ ఆయిల్ ఫీల్డులో పని. కంపెనీ క్వార్టర్స్‌లో ఉండి, వారానికోసారి వచ్చి పోతాడు. మిగతా రోజులు ఈ గోడలు, ఈ మనిషి.

లస్మయ్య ముందు ఏసీ కట్టేశాడు. తనొక్కడి కోసం అంత కరెంటు కాల్చడానికి ఆయనకు చేతులు రావు. తర్వాత పనివాళ్ల క్యాంప్‌లో ఉన్న పాత దోస్తు నగేష్‌కు ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. సైట్ మీద ఉండి ఉంటాడు. ఒకే గదిలో ఎనిమిది మంది గురకల మధ్య బతికిన కాలంలో, ఒక్క పూట ఒంటరిగా పడుకోనిస్తే చాలు దేవుడా అని మొక్కుకునేవాడు. దేవుడు ఇంత ఆలస్యంగా, ఇంత ఎక్కువగా ఇస్తాడని అప్పుడు తెలియలేదు.

ఉండబట్టలేక కిందికి దిగాడు. ఇస్హాక్ నీళ్ల పైపు పట్టుకుని పార్కింగ్ కడుగుతున్నాడు. కడప మనిషి, తెలుగు మాట వినపడుతుందని లస్మయ్యకు అతనంటే ఆశ.

"ఏం మామా, ఇంత ఎండలో యాడికి?"

"యాడికి లేదు. ఊకెనే, నీతోటి ముచ్చటపెడదామని."

"ఇప్పుడు కాదులే మామా. ఓనరు వస్తాండాడంట, అంతా కడిగి పెట్టల్ల. సాయంత్రం మాట్లాడుకుందాం."

సాయంత్రమంటే బిడ్డ వస్తుంది. ఈ మధ్యలో ఉన్నదే గడవని పొద్దు. లస్మయ్య తిరిగి పైకొచ్చి, తన గది తలుపు దగ్గరగా వేసి, మంచం కింది నుంచి పెట్టె బయటికి లాగాడు.

గల్ఫ్‌కు వచ్చినవాళ్లకు పెట్టె సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. సెలవు మీద ఇంటికెళ్లి, తిరిగొచ్చిన రోజు నుంచే మళ్లీ నింపడం మొదలుపెడతారు. క్యాంప్‌లో ప్రతి మంచం కిందా ఒకటి ఉంటుంది. ఆఫర్‌లో దొరికిన సబ్బులు ఒక నెల, నొప్పుల బామ్ ఒక నెల, పాలపొడి ఇంకో నెల. 'లస్మయ్య దుబాయ్ నుంచి పెట్టె తెచ్చిండట' అని ఊళ్లో అనుకోవాలి. ఖతార్ అన్నా ఊరికి దుబాయే. చివరగా పెట్టె మధ్యలో, లుంగీలో చుట్టి, ఎర్రటి జామ్ సీసా పెట్టేవాడు. అది బిడ్డకు.

ఇప్పుడు కూడా ఆ అలవాటే ఆయన చేతులను ఆడిస్తోంది. వంటింట్లో చల్లారిన రెండు సీసాలు తెచ్చి, మూతలు బిగించి, లుంగీలో చుట్టి, ముందు వారాల సీసాల పక్కన పడుకోబెట్టాడు. ఫ్రిజ్‌లో పెట్టమని పిల్ల చెప్పిన మాట గుర్తుంది. కానీ దుకాణం జామ్ నెలల తరబడి పెట్టెలో ఉన్నా ఏమీ కాలేదు కదా! పైగా ఏసీ గదికి, ఫ్రిజ్‌కు పెద్ద తేడా ఏముందని ఆయన లెక్క. కూతురు గడప దాటగానే ఆ ఏసీ తనే కట్టేస్తున్నాడన్నది మాత్రం ఆ లెక్కలోకి రాలేదు.

ఎవరి కోసం నింపుతున్నావయ్యా అని అడిగేవాళ్లు లేరు. భార్య ముత్తవ్వ పోయి రెండేళ్లయింది. ఊళ్లో ఇంటికి తాళం. ఆ ప్రశ్న తనంతట తను వేసుకునే ధైర్యం లస్మయ్యకు లేదు. పెట్టె మూసి, లోపలికి తోసి, దాని మీది మంచంలోనే పడుకున్నాడు.

సాయంత్రం విజయరాణి వస్తూనే బ్యాగు సోఫా మీదికి విసిరింది. మొహం కందగడ్డలా ఉంది.

"కింద ఇస్హాక్ కనపడితె, జామ్ తిన్నంక ఖాళీ సీసా ఇయ్యమని అడిగిన. ఏం జామ్ మేడం, నాకెవరిచ్చినారు అన్నడు."

లస్మయ్య తన గది తలుపు వైపు చూశాడు.

"పారేస్తున్నవా బాపూ? నచ్చకుంటె నచ్చలేదని చెప్పరాదు? తెల్లారకముందు లేచి, నిద్ర మొహం మీద చేస్తున్న. మా బాపు తింటున్నడని వార్డుల అందరికీ చెప్పుకున్న. పిచ్చిదాన్నయిన!"

"పారెయ్యలే బిడ్డా! నీ చేతితోటి చేసింది పారేస్తనా? ఒక్క చెంచ కూడ పోలే. అన్ని పైలంగ దాచిన. రా, చూపెడ్త రా." నిర్దోషిని అని నిరూపించుకునే ఆత్రంలో ఆయన ఆమె చెయ్యి పట్టుకుని గదిలోకి తీసుకెళ్లాడు. పెట్టె బయటికి లాగి మూత తెరిచాడు.

పులిసిన వాసన గుప్పుమంది.

లుంగీ చుట్టలో పొద్దున కనపడలేదు గానీ, పాత సీసాల మూతలు ఉబ్బి ఉన్నాయి. పగటి వేడికి ఒకదాని మూత లేచిపోయి ఎర్రటి గుజ్జు బయటికి పొంగింది. లుంగీ తడిసింది, సబ్బుల అట్టలు నానిపోయాయి, పాలపొడి ప్యాకెట్ కింద జిగట మడుగు కట్టింది. లస్మయ్య కింది సీసా తీసి తువ్వాలతో తుడవబోయాడు. తుడిచేకొద్దీ మరింత పాకింది.

"చక్కెర లేనిది బాపూ. నిల్వ ఉండదు. వారంలోపు తినాలెనని చెప్పిన గదా..." ఆమె గొంతులో కోపం సగానికి తగ్గింది. "అసలు ఎవలికి దాచినవ్?"

"ఊరికి పోయేటప్పుడు..."

"ఊళ్లె ఎవలున్నరు?"

విజయరాణి కింద కూర్చుని ఒక్కొక్కటే తీసి నేల మీద పెట్టసాగింది. సబ్బులు. బామ్ సీసాలు. ఆడవాళ్లు కప్పుకునే మెత్తటి శాలువా. దాని మడతలో తలకు రాసుకునే నూనె సీసా. దాన్ని చూడగానే ఆమె చేతులు ఆగిపోయాయి.

"ఇది అమ్మ పెట్టుకునే నూనె."

"ఊఁ."

"పాతది కాదు. ఈ మధ్యనే కొన్నవ్."

"అంగట్ల కనపడ్డది బిడ్డా. చెయ్యి దానంతటదే పోయింది." లస్మయ్య మంచం అంచున కూలబడ్డాడు. "పెట్టె నింపుతుంటె మీ అమ్మ ఎదురుచూస్తున్నట్టే ఉంటది. నింపుడు ఆపితె... ఆమె లేదని నేనే ఒప్పుకున్నట్టయితది."

ముత్తవ్వ పోయినప్పుడు ఆయన ఇక్కడే సైట్ మీద ఉన్నాడు. విమానం దిగి ఊరు చేరేసరికి అంతా అయిపోయింది. వచ్చినవాళ్లకు ఏర్పాట్లు చూశాడు, కర్మ చేశాడు, కూతుర్ని ఓదార్చాడు. ఏడవడానికి మాత్రం వీలు చిక్కలేదు. ఆ ఏడుపు ఇప్పుడొచ్చింది. పెద్దమనిషి, జిగటగా ఉన్న రెండు చేతుల్లో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

విజయరాణి కూడా ఏడ్చింది. కానీ ఆమె కడుపులో ఇంకో మాట ఉంది, అది ఎన్నో ఏళ్లుగా ఉంది.

"నేనక్కడున్నన్ని దినాలు నువ్విక్కడున్నవ్ బాపూ. ఫోన్ల తప్ప నీ మాట ఎర్కలేదు. నర్సింగ్ చదివి వేరే దేశాలకు పొయ్యే చాన్స్ వచ్చినా నేను ఇక్కడికే ఎందుకొచ్చిన? మా బాపు ఉన్న ఊరని వచ్చిన. ఇప్పుడు నేనిక్కడుంటె నువ్వక్కడికి పోతనంటున్నవ్. తిరుమల్ దుఖాన్‌ల, నేను ఖాళీ ఇంట్ల. డ్యూటీ నుంచి వచ్చి తాళం తీసుకునేటప్పుడు ఎంత ఏడుపొచ్చేదో నీకేం తెల్సు? నువ్వొచ్చినంక తలుపు లోపట్నుంచి తెరుచుకుంటున్నది."

ఈ ఇంట్లో ఒంటరితనమంతా తన ఒక్కడిదేనని అనుకున్నాడు లస్మయ్య. అదే ఇంట్లో బిడ్డ కూడా దాన్నే మోస్తోందని ఆయనకు తోచనే లేదు. చొక్కా చేతితో కళ్లు తుడుచుకుని, మంచం దిగి ఆమె పక్కనే నేల మీద కూర్చున్నాడు.

ఇద్దరూ కలిసి సీసాలు సింక్‌లో ఖాళీ చేసి కడిగారు. శాలువా బకెట్‌లో నానబెట్టారు. నూనె సీసాను మాత్రం విజయరాణి శుభ్రంగా తుడిచి, తన అద్దం ముందు పెట్టుకుంది. "నేను పెట్టుకుంట," అంది. లస్మయ్య తలూపాడు.

"పండ్లు కొన్ని మిగిలినయి. మళ్ల చేస్త, ఇప్పుడే తిందాం," అంటూ ఆమె ఫ్రీజర్‌లోంచి స్ట్రాబెర్రీల ప్యాకెట్ తీసింది. లస్మయ్య ఆ ప్యాకెట్ వైపు చూశాడు.

"ఒకటడుగుత చెప్పు బిడ్డా. నీకే పండంటె ఇష్టం?"

విజయరాణి ప్యాకెట్ పట్టుకుని అలాగే ఆయన వైపు చూసింది. ఇన్నేళ్లలో ఆ మాట ఎవరో ఒకరు అడిగే ఉంటారు గానీ, తండ్రి అడగడం ఇదే మొదలు.

"స్ట్రాబెర్రీ అయితె కాదు," అంది నెమ్మదిగా.

"అదేంది? నేను ప్రతిసారి ఆ ఎర్ర సీసానే తెచ్చిన గదా!"

"నువ్వు తెచ్చినవని తిన్న. నువ్వదే తెస్తవు గదా, నీకది ఇష్టమేమోనని ఇప్పుడు చేస్తున్న."

"నాకా? నేనెన్నడన్న దాని మూత తీసిన్నా? ఎర్రగుంటె పిల్లలకు నచ్చుతదని కొన్న."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు ఎవరు నవ్వారో తెలియదు. ఆ నవ్వులోనే విజయరాణి కళ్లు మళ్లీ నిండాయి.

"మరి ఏ పండు చెప్పు."

"సీతాపండు. గుట్ట మీద నుంచి అమ్మ ఒడిల పోసుకొచ్చేది."

"సీతాపండా! దాంతోటి జామ్ అయితదా?"

"ఏమో బాపూ. ఇప్పుడు దొరకయి గూడ, సీజన్ వస్తె అంగట్లకొస్తయి. అయినా అన్ని గింజలు తీసుకుంట కూసోవాలె. నాకు డ్యూటీ, ఆయనకు దుఖాన్. ఎవలు తీస్తరు?"

"నేనుంట గదా," అన్నాడు లస్మయ్య.

అని, ఇక మాట దాటెయ్యకుండా కూతురి మొహంలోకి సూటిగా చూశాడు. విజయరాణి ప్యాకెట్ అక్కడే వదిలేసి, ఆయన భుజం మీద తల పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది.