గిల్లి చూసి చెప్తాను

"పేషెంట్ బతికే ఉన్నారా అండీ?"

"ఒక్క నిమిషం," అంది ఫోన్లో మగ గొంతు. "గిల్లి చూసుకుని చెప్తాను."

డాక్టరమ్మ నాలుక కరుచుకుంది. ఊపిరితిత్తిలో కార్సినాయిడ్ అనే అరుదైన క్యాన్సర్ గడ్డకు ఆపరేషన్ అయినవాళ్లు తర్వాత ఎలా ఉన్నారో, ఎవరికి నయమవుతుందో, ఎవరికి తిరగబెడుతుందో కనుక్కోవడం ఆమె పరిశోధన. ఎప్పుడూ ఇంట్లోవాళ్లే ఫోనెత్తుతారు. పేషెంటైన ఈ ఈత మాస్టారు మాత్రం తనే ఎత్తి ఆమె కొంప ముంచాడు.

చెకప్‌కి వచ్చినప్పుడు క్షమాపణగా కాఫీ ఇప్పించింది. తర్వాత చెకప్ లేకుండానే కాఫీలు సాగాయి. ఉన్నట్టుండి అతను ఫోనెత్తడం మానేశాడు. ఆమెకు పనిమీద మనసు నిలవలేదు. చివరికి వాళ్లింటికే ఫోన్ చేసింది.

"వాడు బతికే ఉన్నాడు తల్లీ," అంది వాళ్లమ్మ. "తిండి మానేసి ఈత నేర్పే కొలను గట్టున కూర్చున్నాడు. నువ్వే వచ్చి చూడు."

వానలో తడుస్తూ వెళ్లింది. నీళ్లలో ఎవరూ లేరు. గట్టున అతనొక్కడే.

"మీ పెద్ద డాక్టరుగారు ఫోన్ చేశారు. ఇకనుంచి నన్ను ఆయనే చూస్తారట," అన్నాడు తలెత్తకుండా. "మొన్న తీసిన స్కాన్ బాగాలేదని మీ నోటితో చెప్పలేకే కదా, నన్ను ఆయనకి అప్పగించారు?"

ఆమెకు నవ్వూ ఏడుపూ కలగలిసి వచ్చాయి.

"స్కాన్ శుభ్రంగా ఉంది, మట్టిబుర్రా! ప్రేమించిన మనిషిని నా పరిశోధనలో నేనే లెక్కేసుకోకూడదు. అందుకే ఆయనకిచ్చాను. చెప్పేలోపే నువ్వు ఫోనెత్తడం మానేశావు!"

కోపంలో మొదటిసారి 'నువ్వు' అనేసింది. అతను అది గమనించాడు, 'ప్రేమించిన' అన్న మాట ఇంకా బాగా గమనించాడు. అయినా భయం పోలేదు.

"మళ్లీ రాదని గ్యారంటీ ఇస్తావా?"

"ఇవ్వను. నీది నెమ్మదిగా పెరిగే రకం. పక్క గ్రంథులకు పాకలేదు. కోసిన అంచుల్లో ఏమీ మిగల్లేదు. ఇవన్నీ మంచి గుర్తులే. అంతకుమించి ఏ డాక్టరూ మాటివ్వలేడు." అతని పక్కన కూర్చుంది. "వచ్చినా రాకపోయినా నేనుంటాను. ఆ మాట మాత్రం ఇస్తాను."

అతను ఆమె తడిచెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు.

"అయితే బతికున్నానా అని ఇకమీదట ఆయనే అడుగుతారన్నమాట."

"ఆయన ఏడాదికోసారి అడుగుతారు," అంది. "నేను రోజూ పొద్దున్నే గిల్లి చూస్తాను."