ఉపవాసం నాటి ఉప్పు

"వదినా, ఆ పెనం దించు! అమ్మ చూసిందంటే కొంప మునుగుతుంది!"

మరిది స్టీఫెన్ అరుస్తున్నా బెర్నడెట్ వినిపించుకోలేదు. గుడ్ ఫ్రైడే నాడు ఆ ఇంట్లో మాంసం నోట పెట్టినవాళ్లు లేరు. విచిత్రమేమిటంటే, ఆ మత్యాష్ కుటుంబం వారి తొమ్మిది దుకాణాలకూ ఈస్టర్ సాసేజ్‌లు కలిపేది ఆ రోజే, మొదటి కొట్టు వెనక గదిలో! రుచి చూడటానికి లేదు. అంతా చేతి అంచనా. గని కార్మికుల కోసం మామగారు ఈ కొట్టు పెట్టిన నాటి నుంచీ అంతే. భర్త ఆండ్రూ పోయాక ఆ పని బెర్నడెట్ చేతికొచ్చింది.

ఈ ఏడు స్టీఫెన్ కొత్త మసాలా పొట్లాలు తెచ్చాడు. దుకాణాలన్నీ కొనడానికి వస్తున్న పెద్ద కంపెనీ పంపినవి. ఆమె వాటిని మాంసంలో పోసి, అలవాటు కొద్దీ దోసిళ్లతో ఉప్పు కూడా చల్లింది. కలపడం అయ్యాక అనుమానం వచ్చింది. పొట్లాల్లో ముందే ఉప్పుందేమో! పైన ఒక్క ముక్కా రాసిలేదు. కంపెనీకి ఫోన్ చేస్తే సెలవు... అందుకే ఓ ముక్క వేయించి రుచి చూద్దామని పెనం పెట్టింది.

"పేగుల్లో కూరి పొగబెట్టే గదిలోకి ఎక్కించెయ్ వదినా! రేపు కంపెనీ వాళ్లు వస్తున్నారు, రభస చెయ్యకు. అయినా తప్పు బయటపడితే నీకే నష్టం. చేతిపని ఇంక చెల్లదని నేను మొత్తుకుంటున్నదే నిజమవుతుంది. అమ్మ మారు మాట్లాడకుండా అమ్మకానికి సంతకం పెట్టేస్తుంది!"

నిజమే... కొట్లు అమ్మవద్దని అత్తగారి కాళ్లావేళ్లా పడింది తనే. ఇప్పుడు నోరు మూసుకుంటే కొట్టు దక్కుతుందేమో. కానీ తెల్లారితే ఊరంతా బుట్టల్లో పెట్టి చర్చిలో దీవెన తీసుకునే తిండి ఇది! ఆమె వేయించిన ముక్క నోట్లో వేసుకుంది. ఉప్పు మంటకి కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి.

"కోడలా!"

గుమ్మంలో అత్తగారు ఓల్గా. ముఖం పాలిపోయింది. "ఈ రోజు... మాంసమా? నీకు దేవుడంటే భయం లేదుటే?"

"ఉంది అత్తయ్యా! అందుకే తిన్నాను. ఉప్పు రెండుసార్లు పడింది. తప్పు నాదే... మీరు అమ్మదలిస్తే అమ్మేయండి. ఇది మాత్రం జనానికి పెట్టొద్దు!" అని బావురుమంది.

"విన్నావుగా అమ్మా!" అన్నాడు స్టీఫెన్.

ఓల్గా మెల్లగా వచ్చి, పెనంలో మిగిలిన ముక్క తీసింది. పుట్టి బుద్ధెరిగాక ఏనాడూ ఉపవాసం తప్పని మనిషి! శిలువ గుర్తు వేసుకుని నమిలి మింగింది.

"విషంలా ఉంది. ఒరేయ్, మిగతా ఎనిమిది కొట్ల నుంచీ పచ్చి మాంసం తెప్పించు. ఇందులో కలిపి ఉప్పు తగ్గిద్దాం."

"మరి... సంతకం?"

"కొట్లు ఆ కంపెనీ వాళ్లకిచ్చాక మళ్లీ ఇలా జరిగితే, జనం కోసం పాపం కట్టుకుని రుచి చూసేదెవర్రా? పెట్టను!"

బెర్నడెట్ ఆమె భుజం మీద వాలిపోయింది. ఇన్నేళ్లలో మొదటిసారి ఆ ముసలి చెయ్యి కోడలి తల నిమిరింది.

"ఏడుపు చాలు తల్లీ. పాపం ఇద్దరం పంచుకున్నాం కదా... రా, మాంసం వచ్చేలోగా తొట్లు కడుగుదాం."