స్పీకర్ల కింద మిల్లు రబ్బరు

మిర్యాలగూడలో భాస్కర్ ఇంట్లో ఆ రోజూ మామూలుగానే తెల్లవారింది. మేడ మీద కోడలు చరిత పాట పెట్టింది. కింద వంటింట్లో అత్తగారు ఆండాళు సర్దుకున్న స్టాండులోని స్టీలు గ్లాసులు గలగలమన్నాయి.

చరిత మొదటి జీతంతో కొనుక్కుని, కోదాడ నుంచి కాపురానికి వస్తూ వెంట తెచ్చుకున్న స్పీకర్లవి. పాట వినందే ఆమెకు పొద్దున టీ కూడా దిగదు. అదురు స్లాబులోకి పోకుండా స్పీకర్ల కింద పెట్టే మెత్తటి బుష్‌లు దొరుకుతాయని, తెప్పిస్తానని చెప్పింది. భాస్కర్ వింటేగా! రైస్ మిల్లుల్లో యంత్రాలు బిగించి బిగించి రిటైరైన మనిషాయె. ఇంట్లో ఫిట్టర్ ఉండగా బయట కొనడమేంటని, మిల్లు మోటార్ల కింద వేసే నల్ల రబ్బరు ప్యాడ్లు తెచ్చి స్పీకర్ల కిందికి తోశాడు. అయినా గ్లాసుల మోత ఆగలేదు. మామగారు చిన్నబుచ్చుకుంటారని చరిత నోరు మెదపలేదు. కోడలు మొండికేసి సౌండ్ పెంచుతోందని ఆండాళు అనుకుంది.

ఆ పొద్దు ఒక గ్లాసు జారి పాలగిన్నెలో పడింది. ఆండాళు మోకాళ్ళ నొప్పితోనే విసురుగా మేడెక్కింది.

"నా వంటింట్ల నేను నిమ్మళంగ నిలవడొద్దా? ఆ డబ్బాలన్న ఉండాలె, నేనన్న ఉండాలె."

చరిత కళ్ళు నిండాయి. స్పీకర్లు కోదాడ పంపించేస్తానంటూ అట్టపెట్టె తెచ్చింది. ఆమె భర్త హరీష్ పేపరు వెనక దాక్కున్నాడు. ఇలాంటప్పుడు అతనికి తెలివి ఎక్కువే.

సాయం చేద్దామని భాస్కర్ వచ్చి స్పీకర్‌ను ఎత్తాడు. ఎత్తినవాడు అలాగే ఆగిపోయాడు. కింద రబ్బరు మీద నొక్కుకున్న గుర్తు కూడా లేదు.

"ఇది గింత అల్కగుందా? మోటరు బరువుకైతె ఈ రబ్బరు అణుగుతది. అణిగితెనే అదురును మింగుతది. దీని కింద ఉత్త బండ లెక్కనే ఉన్నది. తప్పు పిల్లది కాదు ఆండాళూ, నాది. నీకు ముందే తెలుసా బిడ్డా?"

"తెలుసు మామయ్యా. మీరు అంత ముచ్చటపడి తెచ్చారు, ఎలా చెప్పను?"

ఆండాళుకు అప్పుడర్థమైంది. మామగారి మాట తీసెయ్యలేక, తను అన్నవన్నీ ఈ పిల్ల పడిందన్నమాట. అట్టపెట్టెను మడిచి మంచం కిందికి తోసింది.

మామా కోడళ్ళు స్పీకర్‌ను తూచి, ఆ బరువుకు తగిన మెత్తటి బుష్‌లు ఎంచి తెప్పించారు. అణుగుతున్నాయో లేదో భాస్కర్ నొక్కి నొక్కి చూశాడు.

అవి పెట్టిన మర్నాడు మేడ మీద పాట మొదలైనా కింద ఒక్క గ్లాసూ కదల్లేదు. భాస్కర్ మీసం దువ్వాడు. ఆండాళు మాత్రం గ్లాసుల వైపు చూస్తూ నిలబడింది. ఇల్లు బోసిగా అనిపించింది. వాటిలోంచే రెండు తీసి, టీ పోసి, నెమ్మదిగా మెట్లెక్కింది. ఆమె కోడలి గదిలో ఏనాడూ కూర్చున్నది లేదు.

"గ్లాసులు మోగితె నువ్వు లేసినవని తెలిసేది. ఇప్పుడు కింద ఏం సప్పుడు లేదు, మనసున పడ్తలేదు," అని మంచం మీద కూలబడి ఒక గ్లాసు చరితకు అందించింది. "జర పెద్దగ పెట్టు బిడ్డా. నేను గూడ వింట."

చరిత కళ్ళు తుడుచుకుని సౌండ్ పెంచింది.