నాలుగని చెప్పాను

ఆమె నాతో అన్న మొదటి మాట తిట్టే.

"ఎవరండీ ఆ పైగదిలో ఉన్నది? నా కెమెరాని కాస్త ఊపిరి పీల్చుకోనిస్తారా?"

హెడ్‌ఫోన్లో వినిపించిన ఆ గొంతు మూడో కెమెరాది. కొత్తగా చేరిందని విన్నాను, మనిషిని చూడలేదు. మా టీవీ స్టూడియోలో కెమెరా నడిపేవాళ్లు కింద హాల్లో ఉంటారు. వాళ్ల కెమెరాల్లోకి ఎంత వెలుగు రావాలో, ఏ రంగు ఎంత ఉండాలో, పై అంతస్తులో కిటికీ లేని గదిలో కూర్చుని నేను చూసుకుంటాను. ఒక్కో కెమెరాకి నా ముందు ఒక్కో మీట. నేనిక్కడ మీట జరిపితే అక్కడ లెన్సు తెరుచుకుంటుంది, మూసుకుంటుంది.

"వెలుగు సరిచేస్తున్నానండీ."

"అరగంట నుంచి సరిచేస్తూనే ఉన్నారు. మీకు ఏదీ ఓ పట్టాన నచ్చదా?"

"నచ్చడానికి టైం పడుతుంది."

"అయ్యో! మీ ఇంట్లోవాళ్లు ఎలా భరిస్తున్నారో పాపం, చీకటిగారూ!"

లైన్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఆ రోజు నుంచి అందరికీ నేను చీకటిగారినే. కోపం రావాల్సింది. రాలేదు. ఎవరో నాకు పేరు పెట్టేంతగా నన్ను పట్టించుకున్నారన్న సంగతే చాలాసేపు మనసులో తిరిగింది.

నెల రోజుల్లో ఆమెని చూసింది రెండుసార్లు, అదీ మెట్ల మీద, వెనక నుంచి. ఆమె చూసేదాన్ని మాత్రం రోజూ చూశాను. మాట్లాడేవాడి మీద అందరి కెమెరాలూ ఉన్నప్పుడు, వింటున్నవాడి చేతుల దగ్గరికి వెళ్లేది ఆమె కెమెరా. నవ్వు మొహం మీంచి వెళ్లిపోయాక ఇంకో క్షణం అక్కడే ఆగేది. ఒక మనిషిని తెలుసుకోవడానికి ఆమె చూపు వెనక కూర్చుంటే చాలనుకున్నాను. ఎదురుగా నిలబడే ధైర్యం లేనివాడికి చాలా సుఖమైన నమ్మకం అది.

ఇంతలో మా డైరెక్టర్‌గారికి ఒక కోరిక పుట్టింది.

"ఆదివారం పాటల ప్రోగ్రాం సినిమాలా ఉండాలయ్యా. లైవే. కానీ సినిమాలా."

మామూలు లైవ్‌లో అన్నీ ఒకేలా తేటగా కనిపిస్తాయి: పాడేవాడి మొహం, వెనక తెర, తెర మీద మరక. సినిమాలో ఒక్క మొహమే తేటగా ఉండి, మిగతా లోకం మెత్తగా కరిగిపోతుంది. అలా రావాలంటే లెన్సు బాగా తెరవాలి. తెరిచినకొద్దీ ఫోకస్ నిలిచే చోటు సన్నబడిపోతుంది. కళ్లు తేటగా ఉంటే చెవులు మసక. పాడేవాడు కాస్త ముందుకు వంగితే మొహమే పోతుంది. సినిమావాళ్లు మళ్లీ తీసుకుంటారు. మాకు ఆ వీల్లేదు.

కొత్త కెమెరా తెప్పించి ఆమెకిచ్చారు. లెన్సు ఎంత తెరవాలో రిహార్సల్లోనే తేల్చుకున్నాం. అంకె తగ్గినకొద్దీ ఎక్కువ తెరిచినట్టు.

"నాలుగు దగ్గర ఉంచండి. ఇంకా తెరవాలనుకుంటే ముందే చెప్పండి, సరేనా? నేను వేరేగా సిద్ధం కావాలి," అంది.

"సరే."

ఆదివారం మధ్యాహ్నం లైవ్ మొదలైంది. బయట వాన. రెండో పాటకీ మూడో పాటకీ మధ్య ఆమె కెమెరా ప్రసారంలో లేని సమయం చూసి నాలుగు నుంచి రెండుకి తెరిచాను. బొమ్మ వెలుగెక్కితే డైరెక్టర్ పసిగడతాడని, వెలుగు తగ్గించే ఫిల్టర్ కూడా దించాను. ఏదో పొరపాటున చెయ్యి తగిలిందని ఇప్పటికీ చెప్పలేను. ఫిల్టర్ దించిన చెయ్యి పొరపాటుది కాదు.

మూడో పాట పాడే వృద్ధ గాయకుడి వెనక దీపాలన్నీ వెలుగు బొట్లయ్యాయి. ఎంత బాగుందో! ఆమె చూపు అసలు ఇలాగే ఉంటుందనిపించింది.

"ఏమండీ, ఫోకస్ జారిపోతోంది. నాలుగేనా?" ఆమె గొంతు గుసగుసగా.

"నాలుగే."

ఆయన పాటలో లీనమై ముందుకు వంగాడు. మొహం మసకైపోయింది. ఆమె ఫోకస్ కోసం వెతికింది, దాటిపోయింది, వెనక్కొచ్చింది, మళ్లీ దాటిపోయింది. పదకొండు సెకన్లు. డైరెక్టర్ మిగతా రెండు కెమెరాలకీ మారలేకపోయాడు. ఒకటి జరుగుతోంది, ఇంకొకటి ప్రేక్షకుల వైపు తిరిగి ఉంది.

"త్రీ! ఏం చేస్తున్నావమ్మా? కళ్లు కనిపించట్లేదా?"

నా చెయ్యి మీట మీదే ఉంది. నోరు మాత్రం తెరవలేదు.

సోమవారం ఆమెని కెమెరా నుంచి తీసేసి, పాత టేపులకి చీటీలు అంటించే గదిలో వేశారు. ఇంట్లో మా అక్క అన్నం వడ్డిస్తూ అడిగింది.

"అంత మంచి పాటలో ఆయన మొహం అలికేసినట్టయిందేంట్రా? ఎవరి తప్పు?"

"కెమెరా అమ్మాయిది."

"పాపం, చిన్నపిల్లేమో. మీరైనా కాస్త చెప్పి చూసుకోవద్దూ?"

అబద్ధం ఒకసారి చెబితే భయం అనుకోవచ్చు. రెండోసారి, ఏ సంబంధం లేనివాళ్ల ముందు కూడా చెబితే, దాన్నేమనాలి?

గురువారం టేపుల గదికి వెళ్లాను. కిటికీ అద్దం మీద వాన ధారలు కడుతోంది. ఆమె చీటీ ఒకటి కళ్లకి దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూస్తోంది. మొదటిసారి ఆమె మొహం ఎదురుగా చూశాను.

"నేను పైగదిలో..."

"గొంతు గుర్తుపట్టానులెండి. కూర్చోండి. కుర్చీ లేదు, ఆ పెట్టె మీద." నవ్వబోయి ఆగింది. "కళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లొచ్చాను. రెండు కళ్లూ భేషుగ్గా ఉన్నాయన్నారు. మరి ఏం పోయిందో తెలియట్లేదు. నాలుగు దగ్గర ఫోకస్ పట్టడం నాకు మంచినీళ్లు తాగినంత పని. రాత్రంతా అదే ఆలోచన. నా చేతుల్ని నేనే నమ్మలేకపోతున్నాను."

"అది నాలుగు కాదు."

ఆమె చీటీ కింద పెట్టింది.

"రెండు. నేనే తెరిచాను. మీరడిగితే నాలుగని చెప్పాను."

ఆమె పూర్తిగా నా వైపు తిరిగింది.

"ఎందుకు?"

"మీరు చూసేది అలా ఉంటే ఎలా ఉంటుందో చూడాలనిపించింది. ఒక్క మొహం ఉండి, ఇంకేమీ లేకుండా. రోజూ మీరు చూసేదే చూస్తూ చూస్తూ... నాకు మీరంటే ఇష్టం. అది చెప్పడం రాక ఇలా చేశాను."

"ఇష్టమా!" ఆమె గొంతు పెరగలేదు. పెరిగినా బాగుండేది. "రెండని ఒక్క మాట చెప్పుంటే పట్టుకునేదాన్ని కదండీ. ఆయన ఎంత వంగుతాడో ముందే కొలుచుకునేదాన్ని. నాకది చేతనవును. మీకు నా బొమ్మ నచ్చింది కానీ, నేను చెయ్యగలనని అనిపించలేదు."

నా ఇష్టంలో అన్నిటికన్నా మసకగా ఉన్నది ఆమే.

"డైరెక్టర్‌గారికి చెప్పొస్తాను," అన్నాను.

"నా కోసమైతే వద్దు. చెప్పాలనిపిస్తే చెప్పండి."

చెప్పాను. ఆయన "నాలుగు వారాలు ఆ గది మెట్లెక్కకు. కింద కెమెరాల వెనక కేబుల్ పట్టు," అన్నాడు. "ఆ పిల్ల మీద అంతమందిలో అరిచాను. నేను కూడా ఏదో ఒకటి చెప్పుకోవాలి."

ఆదివారం ఆమె తిరిగి కెమెరా దగ్గరికొచ్చింది. డైరెక్టర్ అందరూ వింటుండగా లైన్లో క్షమాపణ చెప్పాడు. ఆమె "రెండు దగ్గరే ఉంచండి," అంది పైగదిలోని కొత్త మనిషితో. ఆమె వెనక కేబుల్ చుట్టలు పట్టుకుని నిలబడ్డాను. ఇన్నాళ్లూ తెర మీద అంత తేలిగ్గా కనిపించిన బొమ్మ వెనక భుజాలు ఎంత బిగుసుకుంటాయో, షాట్ ఉన్నంతసేపూ ఊపిరి ఎలా ఆపుకుంటుందో అప్పుడు చూశాను. పాడుతున్న అమ్మాయి వంగింది, వెనక్కి వాలింది, పక్కకి తిరిగింది. కళ్లు ఒక్కసారి కూడా జారలేదు.

లైవ్ అయిపోయాక గేటు దగ్గర వాన తగ్గడం కోసం నిలబడ్డాం, కాస్త ఎడంగా.

"మీ మీద నాకింకా కోపం పోలేదు," అంది రోడ్డు వైపు చూస్తూ.

"పోదనే అనుకున్నాను."

"ఇకమీదట మీరేం చెప్పినా రెండుసార్లు అడుగుతాను. అలవాటు చేసుకోగలరా?"

"చేసుకుంటాను."

ఆమె గొడుగు విప్పి వానలోకి దిగింది. నాలుగడుగులు వేసి ఆగింది. వెనక్కి తిరగలేదు.

"చేసుకుంటారా?"

"చేసుకుంటానండీ."

గొడుగు కొద్దిగా పక్కకి జరిగింది, ఇంకొకరు పట్టేంత.